స్టాంప్ బాక్స్

స్టాంప్ బాక్స్ పాదముతో వాయించే ఒక చిన్న చెక్క పెట్టె. ఇది తాళవాద్యముల కోవకు చెందినది. గిటారు, బాంజో, ఫిడేలు వంటి వాద్యములను ఒంటరిగా వాయించే కళాకారులు, చేతులు రెండూ వాద్యము మీద ఉండగా, కాలితో ఈ పెట్టెను తట్టుతూ పాటకు లయను తామే సమకూర్చుకొంటారు. పెట్టె లోపల అమర్చిన పీజో బిళ్ళ గాని మైకు గాని ఆ తాకిడిని విద్యుత్ సంకేతముగా మార్చుతుంది. ఆ సంకేతము యాంప్లిఫయరు గుండా స్పీకరుకు చేరి, బాస్ డ్రమ్ము మ్రోతను పోలిన శబ్దముగా వినబడుతుంది.

ఆంగ్లములో "స్టాంప్" అనగా పాదముతో నేలను గట్టిగా తట్టుట. తెలుగు లిపిలో ఒకే విధముగా కనబడినా, దీనిని తపాలా స్టాంపుగా పొరబడరాదు. గిటారు ధ్వనిలో మార్పులు తెచ్చుటకు కాలితో నొక్కే ఎఫెక్ట్ పెడళ్ళను కూడా స్టాంప్ బాక్సులనే అంటారు. అవి స్వయముగా శబ్దమును పుట్టించవు. ఈ వ్యాసము పాదతాళమునకు వాడే పెట్టె గురించినది.

ఈ పెట్టెను ఇంటిలోనే తక్కువ ఖర్చుతో చేసుకొనవచ్చును. అయితే ఇంటిలో చేసిన పెట్టె మొదటిసారి తట్టినపుడు "ధమ్" అనుటకు బదులు తరచుగా "టిక్" అంటుంది. చేసినవారు చెక్కనో బిళ్ళనో తప్పుపట్టి పెట్టెను పక్కన పడవేస్తారు. చాలా సందర్భములలో లోపము ఆ రెండింటిలోనూ ఉండదు. బిళ్ళను ఏ పరికరమునకు కలిపారన్న దానిలో ఉంటుంది. ఆ సంగతి ఈ వ్యాసములో "ధ్వని పలుచబడుటకు కారణము" అనే విభాగములో వివరించబడినది.

చరిత్ర

పాదముతో తాళము వేయుట అనేక దేశములలో ఉన్న అలవాటు. అమెరికాలో దీనికి ఒక విషాదకరమైన నేపథ్యము కూడా కలదు. 1739 సెప్టెంబరులో దక్షిణ కరోలినాలోని స్టోనో నది సమీపములో ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు తిరుగుబాటు చేశారు. వారు డోళ్ళు మ్రోగిస్తూ నడిచారు. తిరుగుబాటును అణచివేసిన పిదప, 1740లో ఆ వలస రాజ్యము చేసిన చట్టము బానిసలు డోళ్ళు, కొమ్ములు వాడరాదని నిషేధించినది. డోలు ద్వారా దూరమున ఉన్నవారికి సంకేతములు పంపుకొందురన్న భయము దీనికి కారణము. డోలు లేనిచోట అరచేతులు, తొడలు, పాదములే వాద్యములైనవి. చేతులతో శరీరమును చరుచుకొంటూ, కాళ్ళతో నేలను తట్టుతూ వేసే ఈ లయకు "జూబా" అని పేరు. నేటి స్టాంప్ బాక్స్ దీని నుండి నేరుగా పుట్టినదని చెప్పుటకు వీలులేదు గాని, నల్లజాతివారి సంగీతములో పాదమునకు డోలు స్థానము దక్కిన తీరును అర్థము చేసుకొనుటకు ఈ సంఘటన తోడ్పడుతుంది.

బ్లూస్ సంగీతములో ఒంటరి గాయకులు కాలితో నేలను తట్టుతూ పాడేవారు. జాన్ లీ హూకర్ 1948లో డెట్రాయిట్ నగరములో రికార్డు చేసిన "బూగీ చిల్లన్" పాటలో డ్రమ్ములు లేవు. ఒక కంఠము, ఒక విద్యుత్ గిటారు, ఒక పాదపు చప్పుడు మాత్రమే ఉన్నాయి. ఈ పాట 1949లో అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానమునకు చేరినది. పాదపు చప్పుడే తాళవాద్యముగా నిలబడగలదని చెప్పుటకు ఇది మంచి ఉదాహరణ.

జెస్సీ ఫుల్లర్ (1896–1976) అనే కళాకారుడు "ఫాట్‌డెల్లా" అనే వాద్యమును స్వయముగా తయారు చేసుకొన్నాడు. పాదముతో మీటలు తొక్కగా పియానో తీగలు మ్రోగి మంద్రస్వరములు పలికేవి. ఇది స్టాంప్ బాక్స్ కాదు గాని, చేతులు ఖాళీలేని కళాకారుడు కాలికి పని కల్పించుకొన్న తీరులో దీనికి దగ్గరి బంధువు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రములో ఫిడేలు వాద్యకారులు కుర్చీలో కూర్చుండి, గట్టి అడుగు గల బూట్లతో రెండు కాళ్ళనూ ఆడిస్తూ తాళము వేస్తారు. దీనిని ఫ్రెంచి భాషలో "పోడోరిత్మీ" అంటారు. తరచుగా కాళ్ళ కింద ఒక చెక్క పలకను ఉంచుకొంటారు. 1976లో ఏర్పడిన లా బొత్తీన్ సూరియాంత్ బృందము ఈ పద్ధతిని విదేశములలో కూడా వినిపించినది.

ఇటీవలి కాలములో ఆస్ట్రేలియాకు చెందిన జేవియర్ రడ్, అమెరికాకు చెందిన సీసిక్ స్టీవ్ మొదలైనవారు స్టాంప్ బాక్సును వేదికలపై వాడి ప్రచారములోనికి తెచ్చారు. సీసిక్ స్టీవ్ పెట్టె పేరు "మిసిసిపీ డ్రమ్ మెషీన్". పేరు యంత్రమును తలపించినా అది ఒక చిన్న చెక్క పెట్టె, దానిపై మిసిసిపీ రాష్ట్రపు మోటారు సైకిలు నంబరు పలక ఒకటి, అంతే. 2006 సంవత్సరాంతమున ఆయన బి.బి.సి. వారి జూల్స్ హాలండ్ కార్యక్రమములో పాల్గొన్న తరువాత బ్రిటనులో ఎందరికో ఈ పెట్టె పరిచయమైనది.

పని చేసే విధానము

కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వాటి తలములపై విద్యుదావేశము ఏర్పడుతుంది. దీనిని పీడన విద్యుత్తు లేక పీజో విద్యుత్తు అంటారు. ఫ్రాన్సుకు చెందిన జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు దీనిని 1880లో కనుగొన్నారు. నేడు బజారులో దొరికే పీజో బిళ్ళ ఒక పలుచని ఇత్తడి రేకు. దాని మధ్యలో సీసము, జిర్కోనియము, టైటానియము కలిసిన పింగాణీ వంటి పదార్థపు పొర, దానిపై వెండి పూత ఉంటాయి. గడియారములలో, బొమ్మలలో "బీప్" అనే శబ్దము చేసేది ఈ బిళ్ళయే. విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది, కంపింపజేస్తే విద్యుత్తునిస్తుంది. స్టాంప్ బాక్సులో రెండవ గుణము ఉపయోగపడుతుంది.

పాదము తగిలినపుడు పెట్టె పైపలక స్వల్పముగా వంగి కంపిస్తుంది. పలక అడుగున అతికించిన బిళ్ళ కూడా దానితో పాటు వంగుతుంది. ఆ వంపునకు అనుగుణముగా వోల్టేజి పుట్టుతుంది. ఇక్కడ ఒక విషయము గమనించవలెను. స్టాంప్ బాక్స్ మృదంగము వలె తన గర్భములోని గాలిని మ్రోగించే వాద్యము కాదు. తీగ పెట్టకుండా తట్టితే "టక్" మను చెక్క చప్పుడే వస్తుంది. మంద్రధ్వని అంతయు బిళ్ళ, యాంప్లిఫయరు, స్పీకరు కలిసి తెచ్చేదే.

ధ్వని పలుచబడుటకు కారణము

పీజో బిళ్ళ విద్యుత్ పరముగా ఒక చిన్న కెపాసిటరు. 27 మి.మీ. వ్యాసము గల సాధారణమైన బిళ్ళ కెపాసిటీ సుమారు 20 నానోఫారడ్లు ఉంటుంది. దీనిని ఒక యాంప్లిఫయరుకు కలిపినపుడు, ఆ యాంప్లిఫయరు ప్రవేశ అవరోధము ఈ కెపాసిటరుతో కలిసి ఒక జల్లెడ వలె పని చేస్తుంది. ఒక హద్దుకు పైనున్న పౌనఃపున్యములు దాటిపోతాయి. హద్దుకు దిగువనున్నవి క్షీణిస్తాయి. ఆ హద్దు పౌనఃపున్యము కనుగొనుటకు 1ని 2, పై, నిరోధము, కెపాసిటీ అనే నాలుగింటి లబ్ధముతో భాగించవలెను. 20 నానోఫారడ్ల బిళ్ళకు ఫలితములు ఇట్లుంటాయి:

ప్రవేశ అవరోధము 2 కిలోఓమ్‌లు (మిక్సరు మైకు రంధ్రము వంటివి) – హద్దు సుమారు 4,000 హెర్ట్జ్
ప్రవేశ అవరోధము 10 కిలోఓమ్‌లు (కొన్ని లైన్ రంధ్రములు) – హద్దు సుమారు 800 హెర్ట్జ్
ప్రవేశ అవరోధము 100 కిలోఓమ్‌లు – హద్దు సుమారు 80 హెర్ట్జ్
ప్రవేశ అవరోధము 10 లక్షల ఓమ్‌లు (గిటారు యాంప్లిఫయరు) – హద్దు సుమారు 8 హెర్ట్జ్

బాస్ డ్రమ్ము మ్రోతలో ప్రధానమైన భాగము సుమారు 50 నుండి 100 హెర్ట్జ్‌ల నడుమ ఉంటుంది. కనుక అదే పెట్టెను, అదే బిళ్ళను 10 కిలోఓమ్‌ల రంధ్రమునకు కలిపితే 80 హెర్ట్జ్ వద్ద సంకేతములో సుమారు పదవ వంతు మాత్రమే మిగులుతుంది. చెక్కపై బూటు తగిలిన "టిక్" శబ్దము మాత్రము హెచ్చు పౌనఃపున్యము గలది గనుక పూర్తిగా దాటిపోతుంది. గిటారు యాంప్లిఫయరుకు కలిపితే మంద్రధ్వని అంతా నిలుస్తుంది. ఇంటిలో చేసిన పెట్టె మిక్సరులో టిక్కుమని, గిటారు యాంప్లిఫయరులో ధమ్ముమనుటకు రహస్యమిదే.

దీనికి మూడు పరిష్కారములు కలవు.

1. పెట్టెను 10 లక్షల ఓమ్‌లు, అంతకు మించిన ప్రవేశ అవరోధము గల పరికరమునకు కలుపుట. గిటారు యాంప్లిఫయరు, ధ్వని పరికరములపై "ఇన్‌స్ట్రుమెంట్" అని గుర్తు గల రంధ్రము, పీజోకు తగిన డి.ఐ. పెట్టె ఇందుకు పనికివస్తాయి.
2. పెట్టెలోనే 9 వోల్టుల బ్యాటరీతో పని చేసే ఫెట్ ట్రాన్సిస్టరు బఫరు అమర్చుట. ఇది బిళ్ళకు పెద్ద అవరోధమును చూపి, తరువాతి పరికరమునకు చిన్న అవరోధముతో సంకేతమును అందిస్తుంది.
3. బిళ్ళకు సమాంతరముగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును కలుపుట. అప్పుడు మొత్తము కెపాసిటీ 120 నానోఫారడ్లై, 10 కిలోఓమ్‌ల వద్ద హద్దు 800 నుండి సుమారు 133 హెర్ట్జ్‌లకు దిగుతుంది. వోల్టేజి ఆరవ వంతుకు తగ్గుతుంది. పాదపు తాకిడికి బిళ్ళ కావలసినదాని కన్న ఎక్కువ వోల్టేజినే ఇస్తుంది గనుక ఈ నష్టము సాధారణముగా భరించదగినదే. అన్నింటిలో చౌకైన ఉపాయము ఇది.

కావలసిన వస్తువులు

12 మి.మీ. మందము గల ప్లైవుడ్డు గాని, బాగా ఆరిన గట్టి చెక్క గాని
27 లేక 35 మి.మీ. పీజో బిళ్ళ, తీగలు అతికి ఉన్నది
6.35 మి.మీ. మోనో జాక్ సాకెట్టు (గిటారులో వాడేది)
లోహపు అల్లిక గల షీల్డు తీగ, సుమారు 30 సెం.మీ.
వడ్రంగపు జిగురు, మరలు, ఎపాక్సీ జిగురు
పెట్టె అడుగునకు రబ్బరు షీటు, లోపలికి కొద్దిగా స్పంజి
0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు (అవసరమైనచో)
రంపము, డ్రిల్లు, గరుకు కాగితము, సోల్డరింగ్ ఐరన్

తయారు చేసే విధము

పెట్టె కొలతలకు కచ్చితమైన నియమము లేదు. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. ఎత్తు అనుకూలముగా ఉంటాయి. ఎత్తు అంతకన్న మించితే పాదమును పదే పదే ఎత్తవలసి వచ్చి పిక్క నొప్పి పుట్టుతుంది.

మొదట పైపలక, అడుగుపలక, నాలుగు పక్కపలకలు కోసి అంచులను గరుకు కాగితముతో నునుపు చేయవలెను. పక్కపలకలను జిగురుతోను, మరలతోను చట్రముగా బిగించి, దానిపై పైపలకను జిగురుతో అతికించి రాత్రంతా బరువు పెట్టి ఆరనివ్వవలెను. కీళ్ళలో సందు మిగిలితే తట్టినపుడు చిరచిర శబ్దము వస్తుంది. అడుగుపలకను మాత్రము జిగురుతో అతికించరాదు. లోపలి భాగములను సరిచేయుటకు వీలుగా మరలతో మాత్రమే బిగించవలెను.

వెనుక పక్కపలకకు సాకెట్టు కొరకు రంధ్రము చేయవలెను. సాకెట్టు మెడ పొట్టిగా ఉంటుంది గనుక 12 మి.మీ. చెక్క నుండి బయటకు రాదు. లోపలి వైపు ఆ చోట చెక్కను చెక్కి 3 లేక 4 మి.మీ. మందము మిగుల్చుకొనవలెను. లేదా పెద్ద రంధ్రము చేసి, సాకెట్టును ఒక చిన్న లోహపు రేకునకు బిగించి ఆ రేకును చెక్కకు మరలతో కలుపవలెను.

బిళ్ళ ఇత్తడి వైపు నుండి వచ్చే తీగను షీల్డు తీగ అల్లికకు, మధ్యనున్న వెండి పూత నుండి వచ్చే తీగను లోపలి తీగకు సోల్డరు చేయవలెను. అల్లిక రెండవ చివర సాకెట్టు దేహమునకు, లోపలి తీగ సాకెట్టు కొన భాగమునకు చేరవలెను. ఇవి తారుమారైతే పెట్టె మ్రోగుతుంది గాని, కరెంటు గుర్రుమను శబ్దము ఎక్కువవుతుంది. బిళ్ళ తీగ ఊడినచో తిరిగి అతికేటప్పుడు రెండు మూడు సెకన్లకు మించి వేడి తగలనీయరాదు. వెండి పూత లేచిపోతుంది. కెపాసిటరు వాడదలచినవారు దానిని సాకెట్టు రెండు కొనల మధ్య కలుపవచ్చును.

బిళ్ళ ఇత్తడి ముఖమును పైపలక అడుగున ఎపాక్సీతో, గాలి బుడగలు లేకుండా పూర్తిగా అతికించవలెను. సగము మాత్రమే అతికిన బిళ్ళ రేకు చప్పుడు చేస్తుంది. పాదము తగిలే చోటికి సరిగా కింద పెడితే తాకిడి మరీ పదునుగా వస్తుంది గనుక కొన్ని సెం.మీ. పక్కకు పెట్టుట మేలు. ఎక్కడ బాగుండునో తెలుసుకొనుటకు మొదట రెండు వైపుల అంటుకొనే టేపుతో తాత్కాలికముగా అతికించి, వివిధ స్థానములలో విని, తరువాత ఎపాక్సీ వాడవచ్చును.

చివరగా బిళ్ళపై స్పంజి ముక్క ఉంచి, అడుగుపలకను మరలతో బిగించి, కింద రబ్బరు షీటు అతికించవలెను. రబ్బరు లేనిచో పెట్టె పాట మధ్యలో జారిపోతుంది.

పరీక్ష, సవరణలు

శబ్దము "టిక్" మని పలుచగా ఉన్నచో ముందుగా ప్రవేశ అవరోధమును పరిశీలించవలెను. చెక్క మార్చుట చివరి పని. అవరోధము సరిగా ఉన్నను మంద్రము చాలకపోతే స్పీకరును చూడవలెను. అరచేతి పరిమాణము గల స్పీకరు 80 హెర్ట్జ్‌ల ధ్వనిని బలముగా పలికించలేదు. ధ్వనిలో పదును ఎక్కువైతే టోను మీటతో పై పౌనఃపున్యములను తగ్గించవచ్చును, లేదా పైపలకపై చిన్న తివాచీ ముక్క అతికించవచ్చును. శబ్దము సాగి మ్రోగుతుంటే పెట్టె నిండా స్పంజి గాని పాత గుడ్డ గాని కూరవలెను. గుర్రుమను శబ్దము వస్తుంటే షీల్డు అల్లిక సాకెట్టుకు చేరినదో లేదో చూడవలెను.

పీజో బిళ్ళకు బదులు పెట్టె లోపల సాధారణ డైనమిక్ మైకును స్పంజిపై పడుకోబెట్టవచ్చును. చిన్న స్పీకరును తిప్పి మైకుగా కూడా వాడవచ్చును. స్పీకరు కాగితపు శంకువు కదిలినపుడు దాని తీగచుట్టలో విద్యుత్తు పుట్టుతుంది. ఈ రెండింటి అవరోధము తక్కువ గనుక ఇవి మిక్సరు మైకు రంధ్రమునకు నేరుగా సరిపోతాయి. అయితే మైకు చుట్టుపక్కల శబ్దములను కూడా గ్రహించి, పెద్ద వేదికపై కీచుమను ధ్వనికి దారితీయవచ్చును. పీజో బిళ్ళ చెక్క కంపనమునే ప్రధానముగా గ్రహిస్తుంది గనుక ఆ బెడద తక్కువ.

వాయించే పద్ధతి

కుర్చీలో తొడలు నేలకు సమాంతరముగా ఉండునట్లు కూర్చుండవలెను. మడమను నేలపై ఆనించి ముందు పాదముతో తట్టితే తేలికైన, వేగవంతమైన దెబ్బలు వస్తాయి. ముందు పాదమును ఆనించి మడమతో తట్టితే బరువైన దెబ్బ వస్తుంది. నాలుగు మాత్రల లయలో 1, 3 మాత్రలపై పెట్టెను తట్టుట మొదటి అభ్యాసము. రెండవ కాలికి గజ్జెలు గాని, కంజిర బిళ్ళల వంటివి గాని కట్టుకొని 2, 4 మాత్రలపై కదిలిస్తే పూర్తి తాళము ఏర్పడుతుంది. మెట్రోనోముతో నిమిషమునకు 60 దెబ్బల వద్ద మొదలుపెట్టి, ముందు కాలిని మాత్రమే, తరువాత కాలితో పాటు గిటారును, చివరకు పాటను చేర్చుట మంచిది. పాట ఉత్సాహములో కాలు వేగము పెరుగుట అందరికీ ఎదురయ్యే చిక్కు.

జాగ్రత్తలు

బలమైన తాకిడికి బిళ్ళ క్షణకాలము పదుల వోల్టులను పుట్టించగలదు. అందుచేత పెట్టెను కలిపేటప్పుడు పరికరపు ధ్వనిని పూర్తిగా తగ్గించి, తరువాత మెల్లగా పెంచవలెను. సమాంతర కెపాసిటరు ఈ ప్రమాదమును కూడా తగ్గిస్తుంది. బిళ్ళలోను, కొన్ని రకముల సోల్డరులోను సీసము ఉంటుంది. బిళ్ళను పొడి చేయరాదు, పని ముగిసిన పిదప చేతులు కడుగుకొనవలెను. చెక్క కోసేటప్పుడు కళ్ళద్దములు ధరించవలెను. మేడపై నివసించేవారు పెట్టె కింద దళసరి పరుపు ముక్కను వేసుకొనవలెను. స్పీకరును తగ్గించినా నేల గుండా పోయే అదురు కింది ఇంటివారికి చేరుతుంది.

తెలుగు కళారూపములలో పాదతాళము

కథ చెప్పేవాడే తాళము కూడా వేసుకొనుట తెలుగువారికి కొత్త కాదు. హరికథకులు చేత చిడతలు పట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, అడుగు వేస్తూ కథను నడుపుతారు. హరికథా పితామహుడుగా పేరుపొందిన ఆజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఈ విద్యలో ప్రసిద్ధులు. బుర్రకథలో కథకుడు భుజమున తంబురా ధరించి, కాలి అందెల సవ్వడితో అడుగులు వేస్తాడు. ఈ కళలలో పాదము ఇచ్చేది గజ్జెల సన్నని హెచ్చు ధ్వని. మంద్రధ్వనిని బుర్రకథలో వంతల డక్కీలు, హరికథలో మృదంగము అందిస్తాయి. స్టాంప్ బాక్సులో పాదమే మంద్రధ్వనిని ఇస్తుంది. అడుగును వాద్యముగా మలచుకొనుట మాత్రము రెండింటికీ సమానము.

పరిమితులు

స్టాంప్ బాక్స్ డ్రమ్ముల సముదాయమునకు పూర్తి ప్రత్యామ్నాయము కాదు. దీనికి ఒకటే ధ్వని. దెబ్బ బలమును బట్టి హెచ్చుతగ్గులే తప్ప స్వరభేదములు ఉండవు. విద్యుత్తు లేనిచోట దీని మ్రోత చెక్క చప్పుడుకే పరిమితమవుతుంది. అయినను ఒక చెక్క పెట్టె, ఒక బిళ్ళ, ఒక తీగ తప్ప మరేమీ అక్కరలేకుండుట దీని బలము. డోలు కొనలేనివారికి, తోడు వాద్యకారుడు దొరకనివారికి, ఒక్కరే పాడుకొనవలసినవారికి ఇది చాలినంత లయనిస్తుంది. భౌతికశాస్త్ర విద్యార్థులకు పీడన విద్యుత్తు, కెపాసిటరు, అవరోధము అనే మూడు పాఠములను ఒకే పెట్టెలో చెవితో విని తెలుసుకొనే అవకాశము కూడా ఇందులో కలదు.